రాగి ఎక్కువైన పోత

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి ముందే చెప్పేస్తే తర్వాత జరిగింది చెప్పడం సులువు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిది కాదు, అందుకే నేను పనిచేసే ఫౌండ్రీలో నాకు ఊరు కూడా అంతంత మాత్రమే. అనంతపురం ఊరి బయట రేకుల షెడ్లలో నడిచే చిన్న ఫౌండ్రీ అది. తాడిపత్రి బండల పాలిష్ మిషన్లకు చక్రాలు, ట్రాక్టరు ట్రాలీలకు హబ్బులు, బోర్లలోంచి మోటర్లు పైకి లాగేవాళ్ళకు క్లాంపులు పోస్తాం. పోస్తాం అంటే నేను పోయను. ల్యాబులో కూర్చుని, పోసిన ఇనుములో ఏమేం ఉన్నాయో చూసి, పనికొస్తుందని సంతకం పెడతాను. పదకొండేళ్ళుగా అదే నా ఉద్యోగం.

పుట్టిల్లు ధర్మవరం. ఇంట్లో రెండు మగ్గాలు, ఇల్లంతా పట్టుపోగులు. నేను డిప్లొమాలో మెటలర్జీ తీసుకున్నానంటే నాయన అర్థం కాక, ఇనుములో చదవడానికి ఏముంటుందని అడిగాడు. పడుగుకు గంజి పెట్టేదాంట్లో ఎంత ఉందో ఇందులోనూ అంతే ఉందని చెప్పాను. అది ఆయనకు వెంటనే ఎక్కింది. గంజి తక్కువైతే పోగు నూగు లేచి మగ్గం మీద నిలవదు. ఎక్కువైతే పెళుసెక్కి పుటుక్కున తెగుతుంది. ఎంత పెట్టాలన్నది చీరను బట్టి, ఎండను బట్టి. ఆ రోజు నుంచి నాయన నా చదువు గురించి ఎవరడిగినా ఇనుముకు గంజి పెట్టే చదువు అనేవాడు. నాకు తెలిసి దీన్ని అంతకంటే బాగా చెప్పినవాళ్ళు లేరు.

మామూలు పోత ఇనుమును సమ్మెటతో కొడితే పగిలిపోతుంది. అందులో ఉన్న కార్బన్ సన్నటి రేకులుగా గడ్డకట్టి ఉంటుంది. ప్రతి రేకు కొన దగ్గరా ఒక పగులు కాచుకుని కూర్చుంటుంది. కరిగిన ఇనుముకు కాస్త మెగ్నీషియం తగిలిస్తే ఆ కార్బన్ రేకులుగా కాకుండా గుండ్రటి గింజలుగా చుట్టుకుంటుంది. అప్పుడు ఇనుము విరిగేముందు వంగుతుంది, లాగితే సాగుతుంది. మా షెడ్లో దీన్ని ఎస్జీ అంటారు. ఇంతటితో అయిపోతే నా అవసరమే లేదు. గింజల చుట్టూ ఉన్న ఇనుము మెత్తగా ఉంటుందా, గట్టిగా ఉంటుందా అన్నది అందులో కలిసిన మిగతావాటి మీద ఉంటుంది. సిలికాన్ మెత్తదనం వైపు లాగుతుంది. రాగి, తగరం గట్టిదనం వైపు లాగుతాయి, అందులో తగరం చిటికెడు చాలు. మాంగనీసు, క్రోమియం చివరగా గడ్డకట్టే చోటికి చేరి, గాజంత పెళుసైన తెల్లటి గీతలు కడతాయి. నికెల్ మర్యాదగా బలం పెంచుతుంది కానీ మా ఓనరు దాన్ని కొనడు.

బలం పెరిగినకొద్దీ సాగుడు తగ్గుతుంది. రెండూ సమానంగా ఇవ్వమని అడిగే కొనుగోలుదారుడు ఏడాదికి ఒకడైనా వస్తాడు, అతనికి నేను మర్యాదగా జవాబు చెప్పలేను. పాలిష్ మిషన్ చక్రం అరగకూడదు కాబట్టి దానికి గట్టిదనం కావాలి. అందులోకి రాగి మేమే తూచి వేస్తాం. క్లాంపుకు అలా కాదు, దానికి సాగుడే ప్రాణం.

క్లాంపు గురించి నాకు నేర్పింది మా అన్న. నాయన పోయిన కొన్నాళ్ళకు మగ్గం వదిలేసి, కదిరి వైపు పోయి బోరు మోటర్లు లాగే పనిలో పడ్డాడు. తనకిప్పుడు నలుగురు మనుషుల జట్టు ఉంది. మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టి, చైను కప్పీతో పైపులు ఒక్కొక్కటే పైకి లాగుతారు. ఒక పైపు విప్పాలంటే కింద ఉన్న వరుసంతా, మోటరుతో సహా, బోరు మూతి మీద ఒక క్లాంపు పట్టుకుని ఉండాలి. రెండు ముక్కలు పైపును చెరోవైపు కౌగిలించుకుంటాయి, చెవుల్లో బోల్టులు బిగిస్తారు. బిగించాక ఊరుకోరు. సమ్మెటతో చెవి మీద రెండు దెబ్బలు వేసి, చేత్తో తడిమి, సరిగా కూర్చుందో లేదో చూస్తారు. ఏ పుస్తకంలోనూ లేదు ఈ పద్ధతి, మా జిల్లాలో మాత్రం ఈ రెండు దెబ్బలు వేయని జట్టు లేదు. కొట్టేవాడు ఒకడు, తడిమేవాడు ఒకడు. తడిమేవాడి వేళ్ళు క్లాంపుకూ కేసింగు పైపుకూ మధ్య ఉంటాయి.

మా ఫౌండ్రీ క్లాంపులు మొదలుపెట్టినప్పుడు నేను అన్నను ఏం కావాలని అడిగాను. అన్న ఎక్కువ ఆలోచించలేదు.

"వంగల్ల పాపా, ఇరగగూడదు. వంగితే నా కండ్లకు కనబడ్తాది, చెయ్యి తీస్తా. ఇరిగేది కనబడదు."

నేను దాన్నే లెక్కగా మార్చాను. ప్రతి పోతతో పాటు పోసి, మిషన్లో తెగేదాకా లాగి చూసే కడ్డీ నూటికి పన్నెండు వంతులైనా సాగితేనే క్లాంపుల లాటుకు సంతకం పెట్టాలని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. ఓనరు అడగలేదు, కొనేవాళ్ళు అడగలేదు. అన్నకు మాత్రం చెప్పాను, మా క్లాంపు వంగుతుంది గానీ విరగదు, ధైర్యంగా వాడుకో అని. అన్న ఆ మాట పట్టుకుని పాత స్టీలు క్లాంపులు పక్కన పెట్టి, మావే వాడడం మొదలుపెట్టాడు.

రెండేళ్ళ కిందటి ఎండాకాలంలో బోర్లు వరసగా ఎండిపోయాయి. బోరు ఎండితే మోటరు కాలుతుంది. కాలిన మోటరుకు ఒకటికి రెండుసార్లు కొత్త తీగ చుట్టిస్తారు, ఆ తర్వాత పాత ఇనుముకు తోస్తారు. ఆ ఇనుమే మాకు వస్తుంది. నీళ్ళు లేక కాలిన మోటరు, ఇంకో బోరులోంచి ఇంకో మోటరును లాగే క్లాంపు అవుతుంది. మా వ్యాపారమే అంత, దాచుకునేదేమీ లేదు. మోటరులోని రాగి తీగ మా దాకా రాదు. రాగిని వదిలిపెట్టే పాత ఇనుము వ్యాపారి మా జిల్లాలో ఇంకా పుట్టలేదు. కానీ లోపల తిరిగే రోటరులో రాగి కడ్డీలుంటాయి. అవి గాడుల్లో బిగుసుకుని ఉంటాయి. చివర్లలో ఉన్న రాగి రింగులను ఉలితో కొట్టి తీసుకుంటారు, కడ్డీలు మాత్రం ఊడి రావు. బురద పట్టి, నల్లబడి, ఆ రోటరు పైకి వట్టి ఇనుప ముద్దలాగే కనిపిస్తుంది.

మా యార్డులో ఒక పెద్దాయన ఉండేవాడు, రోటర్లను ఏరి పక్కన పెట్టడం ఆయన పని. ఆ వారం కూతురి కాన్పని ఊరికి పోయాడు. ఆయన బదులు వచ్చినవాళ్ళు చేతికందిన ఇనుమంతా ఫర్నేసులో వేశారు. వాళ్ళ తప్పేమీ లేదు, వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

పోసేముందు కరిగిన ఇనుములోంచి తీసిన ఒక చిన్న బిళ్ళ నా దగ్గరకు వస్తుంది, దాన్ని మిషన్లో పెడితే అందులో ఏవేవి ఎంతెంత ఉన్నాయో చూపిస్తుంది. ఆ పొద్దున క్లాంపుల పోతకు రాగి నూటికి సున్నా పాయింటు ఎనిమిది చూపించింది. మామూలుగా ఉండేదానికి ఎనిమిది రెట్లు. మాంగనీసు కూడా ఎక్కువే ఉంది, లారీ కమాను పట్టీలు పడి ఉంటాయి. బయటికి పోయి ఫోర్‌మన్‌తో ఆగమన్నాను.

మా ఫోర్‌మన్‌కు అరవై దగ్గర పడుతున్నాయి. పోసిన వస్తువును తాడుకు వేలాడదీసి సుత్తితో తట్టి, చెవి ఒగ్గి వింటాడు. గంటలా మోగితే మంచిది, మొద్దుగా పలికితే పారేయమంటాడు. దీన్ని నేను వెక్కిరించను. గింజలు సరిగా కట్టాయా, రేకులుగా మిగిలిపోయాయా అన్నది ఆ మోతలో నిజంగానే తెలుస్తుంది. ఆయన చెవి నా మిషన్ కంటే ముందు చెప్పిన రోజులున్నాయి. కానీ గింజల చుట్టూ ఉన్న ఇనుము మెత్తదో పెళుసుదో ఆ మోతలో తెలియదు. గట్టి ఇనుమూ గంటలాగే మోగుతుంది. ఈ మాట ఆయనకు నేను ఎన్నోసార్లు చెప్పాను, ఆయన ఒక్కసారీ వినలేదు.

ఆ పొద్దునా వినలేదు. ఫర్నేసు నిండా ఉంది, పదకొండుకు కరెంటు తీసేస్తారు, ఇంకా ఆగితే మొత్తం గడ్డకడుతుందని లెక్క చెప్పాడు. ఆ లెక్క నిజమే. ఆ తర్వాత చెప్పిందే అసలు మాట.

"గట్టిదైతే ఇంకా మంచిదే గదమ్మా. చీరలో మరక ఎతికినట్ల ప్రతిదీ ఎతికితే పోతలు యాడ పోస్తాం?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు వెనక ఇంకో కథ ఉంది. అంతకు ముందు వారం నేను ఒక హబ్బుల లాటు ఆపేశాను. రెండు రోజులు ఆగాక తేలిందేమంటే తప్పు ఇనుములో లేదు, నేను బిళ్ళను సరిగా తోమకుండా మిషన్లో పెట్టాను. ఫోర్‌మన్ ఆ సంగతి టీ కొట్టు దాకా మోసుకుపోయాడు. టీ కొట్టతను కూడా గ్లాసు ఇస్తూ, చూసుకోమ్మా, బాగ తోమినా, అన్నాడు. నేను ఆ టీ తాగలేదు.

అందుకే ఆ పొద్దున మళ్ళీ నవ్వులపాలు కావడం ఇష్టంలేక ల్యాబులోకి వచ్చేశాను. వాళ్ళు పోశారు. ఎనిమిది జతల క్లాంపులు.

మర్నాడు కడ్డీని లాగి చూశాను. బలం ఎప్పుడూ లేనంత వచ్చింది, మామూలు దానికి ఒకటిన్నర రెట్లు. సాగుడు నాలుగు. నా నియమం పన్నెండు. కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. క్లాంపు మీద పడే బరువెంత, ఇది మోయగల బరువెంత అని లెక్క వేశాను. లెక్క ప్రకారం ఇది అలాంటి బరువులు నాలుగు మోస్తుంది. లెక్క తప్పు కాదు. ఆ లెక్కలో సమ్మెట దెబ్బలు లేవు. పైగా నేను లాగిన కడ్డీ లావుది, నిదానంగా చల్లారింది. క్లాంపు చెవి పలచన. పలచగా ఉన్నచోట ఇనుము త్వరగా చల్లారి ఇంకా పెళుసెక్కుతుంది. అది కూడా నాకు తెలుసు. తెలిసీ సంతకం పెట్టాను. ఫోర్‌మన్ నా చెయ్యి పట్టుకుని పెట్టించలేదు. ఆ టీ కొట్టు నవ్వు నన్ను అంతగా కుట్టింది.

ఎనిమిది జతల్లో అయిదు ఆ మధ్యాహ్నమే విడపనకల్లుకు పోయాయి. ఆ వైపు మోటర్లు లాగే జట్లు నడిపే ఒక మేస్త్రీ తన మనిషిని పంపి తెప్పించుకున్నాడు. సాయంత్రం అన్న ఏదో పని మీద అనంతపురం వచ్చి, మా ఇంట్లో అన్నం తిని, పోతూ పోతూ ఫౌండ్రీ దగ్గర ఒక జత తీసుకున్నాడు. బండి మీద గోనెసంచిలో పెట్టి ఇచ్చింది నేనే. మిగిలిన రెండు జతలు షెడ్లో ఉన్నాయి, ఇంకా శుభ్రం చేయలేదు.

పోసిన ప్రతి వస్తువుకూ ఇనుము పారిన దారి గడ్డకట్టి తోకలా మిగిలిపోతుంది. క్లాంపులకు దాన్ని కొట్టి తీయడం కష్టం, కొడితే వంగుతుంది గానీ ఊడదు. రంపం పెట్టి కోయాల్సిందే. ఆ తర్వాతి పొద్దున ఎనిమిదికి నేను షెడ్డు దాటుతూ ఉంటే, ఆ తోకలు తీసే అతను నన్ను చూసి సంతోషంగా పలకరించాడు.

"ఈ తూరి పని శానా సులువైందమ్మా. రంపమే వద్దు, ఒక్క దెబ్బకు ఊడొస్తాండాయి. ఎప్పుడూ ఇట్లే పోపీ."

అతని చేతిలోంచి సమ్మెట తీసుకుని, కింద ఉన్న క్లాంపు చెవి మీద నా బలం కొద్దీ ఒక్క దెబ్బ వేశాను. నా బలం ఎంతని. చెవి ఊడి గోడ దాకా పోయింది. విరిగిన చోట వంగిన గుర్తు కొంచెం కూడా లేదు, పటికబెల్లం విరిచినట్టు మెరుస్తోంది. ముక్క కోసి, అరగదీసి, మైక్రోస్కోపు కింద పెట్టాను. గింజలు చక్కగా గుండ్రంగా ఉన్నాయి, ఫోర్‌మన్ చెవి అబద్ధం చెప్పలేదు. వాటి చుట్టూ తెల్లగా ఉండాల్సిన మెత్తటి ఇనుము పేరుకు కూడా లేదు, అంతా ముదురు చారలు. చారల మధ్య, చెవి అంచు దగ్గర, మాంగనీసు కట్టిన తెల్లటి గీతలు.

అన్నకు ఫోన్ చేశాను. అందలేదు. మళ్ళీ చేశాను. ఆరుసార్లు చేశాక వదినకు చేస్తే, కదిరి అవతల ఒక పల్లెకు పొద్దున్నే పోయినాడని, అక్కడ టవరు లేదని చెప్పింది. నేను బ్యాగు తీసుకుని బయలుదేరాను. గేటు దగ్గర ఫోర్‌మన్ ఎదురై ఎక్కడికని అడిగాడు. అడ్డం లెయ్యి అన్నాను. ఆయన వయసుకు అనకూడని మాటే. అప్పుడు ఆయనకు విషయం చెప్పి ఉంటే కొన్ని సంగతులు వేరేగా ఉండేవి. చెప్పలేదు. ఓనరు తాడిపత్రిలో ఉన్నాడు, ఆయనకూ చెప్పలేదు. నా నోరు తిట్టడానికి ఎంత త్వరగా తెరుచుకుంటుందో చెప్పాల్సింది చెప్పడానికి అంత త్వరగా తెరుచుకోదు.

కదిరి బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. దారి పొడుగునా అన్న చేతులే కళ్ళ ముందు మెదిలాయి. అన్న చిన్నప్పుడు తెగిన పట్టుపోగును కళ్ళు మూసుకుని ముడి వేసేవాడు, నాయన దాన్ని వచ్చినవాళ్ళందరికీ చేయించి చూపించేవాడు. ఆ వేళ్ళు ఇప్పుడు మందంగా, గ్రీజుతో నల్లగా ఉంటాయి. తన జట్టులో తడిమి చూసే పని అన్నదే, వేరేవాళ్ళ చేత చేయించడు. నేను బస్సులో కూర్చుని పది నిమిషాలకోసారి అన్నకే ఫోన్ చేస్తూ పోయాను. ముదిగుబ్బ దగ్గర పక్కసీటు ఆమె ఎవరికైనా బాగలేదా అని అడిగింది. మా అన్నకు అన్నాను. నిజంగానే ఏదో అయిపోయినట్టు ఏడుపొచ్చింది.

కదిరిలో ఆటో మాట్లాడుకుని ఆ పల్లె చేరేసరికి పదకొండు దాటింది. వేరుశనగ పీకేసిన చేను, ఎర్రగా, ఎక్కడా పచ్చదనం లేదు. మధ్యలో మూడు కాళ్ళ స్టాండు. బోరు మూతి మీద మా క్లాంపు. దాని కింద ఇంకా చాలా అడుగుల పైపు, చివర మోటరు. ఒకతను బోల్టు బిగించి, సమ్మెట చేతిలోకి తీసుకుంటున్నాడు. అన్న గొంతుక్కూర్చుని క్లాంపు కిందికి చెయ్యి పెట్టి ఉన్నాడు.

"అన్నా, కొట్టద్దండి. చెయ్యి తియ్యి."

నేను అరవలేదు, అరిచే ఊపిరి లేదు. అన్న నా ముఖం చూసి, ఏమిటని కూడా అడగకుండా చెయ్యి తీసేశాడు. సమ్మెట పట్టుకున్నతన్ని పక్కకు పొమ్మని, బండిలోంచి పాత స్టీలు క్లాంపు తెప్పించి, మా దానికి కింద బిగించాడు. చైను కప్పీతో బరువు కొంచెం పైకి తీసి, మా క్లాంపు విప్పి, పాతదాని మీదికి వరుసను దించారు. పావుగంట పట్టింది. అంతసేపూ నేను ఎండలో నిలబడే ఉన్నాను. పొద్దున్నుంచి ఆ క్లాంపు చెవుల మీద ఎన్ని దెబ్బలు పడ్డాయో అడగడానికి ధైర్యం చాలలేదు.

అన్న ఆ క్లాంపు ముక్కను బండ మీద ఆనించి, నిలబడి, మామూలుగా కొట్టినట్టే కొట్టాడు. మొదటి దెబ్బకు ఏమీ కాలేదు. రెండో దెబ్బకు చెవి ఊడిపోయింది. విరిగిన చోటును వేలితో రాసి చూశాడు. నేను జరిగిందంతా చెప్పాను, రాగి, రోటర్లు, నాలుగు, పన్నెండు, సంతకం అన్నీ. అన్న నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది, తిరిగి నాలుగు తిట్టి తేలికపడేదాన్ని.

"ఇట్లాంటివి ఇంకెన్ని పోయినాయి బయటికి?"

అయిదు జతలు, విడపనకల్లుకు అని చెప్పాను.

"వాళ్ళకు చెప్పినావా?"

పొద్దున ఎనిమిది నుంచి పదకొండున్నర దాకా ఆ అయిదు జతలు నాకు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. మరిచిపోయానంటే కూడా అబద్ధమే అవుతుంది. మైక్రోస్కోపులో చూస్తున్నప్పుడే ఎనిమిది జతలని తెలుసు. భయం మాత్రం ఒక్క జతకే పట్టింది. ఆ మేస్త్రీ నంబరు నా ఫోనులోనే ఉంది, క్లాంపుల కొలతల కోసం ఎన్నోసార్లు మాట్లాడినదే.

చేను రైతు దగ్గర వేరే కంపెనీ ఫోనుంది, గట్టు ఎక్కితే అందుతుందన్నాడు. గట్టెక్కి చేశాను. మేస్త్రీ ఎత్తాడు. నేను మా క్లాంపులు వాడొద్దని చెప్పబోతుండగానే ఆయన మాట్లాడాడు. పది గంటలప్పుడు ఒకటి విరిగిందని, జట్టులో ఒకతని చెయ్యి నలిగిపోయిందని, గుంతకల్లు ఆస్పత్రికి తీసుకుపోయారని చెప్పాడు. పది గంటలకు నేను బస్సులో ఉన్నాను. పక్కసీటు ఆమెకు మా అన్న గురించి చెబుతున్నాను.

ఆ తర్వాత జరిగినవి త్వరగా చెప్పేస్తాను. మిగతా నాలుగు జతలు ఆ సాయంత్రానికే వెనక్కి వచ్చాయి. ఆస్పత్రి ఖర్చు ఓనరు పెట్టుకున్నాడు. సంతకం గురించి నేను రాసిచ్చాను. ఉద్యోగం తీసేస్తారనుకున్నాను, తీయలేదు, ఈ జీతానికి ఇంకొకరు దొరకరు. ఇప్పుడు ప్రతి పోతలోనూ ఒక క్లాంపును ప్రెస్సులో పెట్టి చెవి వంచి చూస్తున్నాం, వంగకపోతే మొత్తం పోతను మళ్ళీ కరిగిస్తాం. ఫోర్‌మన్ అడ్డు చెప్పడు. రోటర్లు గేటు దాటి లోపలికి రావు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే ఇదంతా, అయినా పట్టుకోక తప్పదు.

వారం తర్వాత ఒక్కదాన్నే విడపనకల్లు పోయాను. అన్న వస్తానన్నాడు, వద్దన్నాను. దెబ్బ తగిలినతనికి నలభై దాటి ఉంటాయి. గొర్రెలు మేపుకునే కుటుంబం, మేత లేని ఎండాకాలంలో మోటర్ల జట్టుకు పనికి పోతాడు. ఇంటి ముందు నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు, కుడి చేతికి మణికట్టు దాకా కట్టు. చూపుడు వేలు, మధ్య వేలు పోయాయి. ఫౌండ్రీ నుంచి వచ్చానంటే భార్య లోపలికి పోయి మజ్జిగ తెచ్చింది. తాగలేను, వద్దనలేను. చేత్తో పట్టుకుని కూర్చున్నాను.

ఆయన నాకే ధైర్యం చెప్పినట్టు మాట్లాడాడు. కాలం బాగలేదని, ఇనుము ఎప్పుడు విరుగుతుందో ఎవరికి తెలుస్తుందని అన్నాడు. ఎడమ చేత్తో బీడీ అంటించుకోవడం నేర్చుకుంటున్నాడట, అగ్గిపుల్లలే దండగవుతున్నాయని నవ్వాడు.

అప్పుడు చెప్పాను. ఇనుము విరుగుతుందని నాకు తెలుసని, పనికొస్తుందని సంతకం పెట్టింది నేనేనని చెప్పాను. ఆయన బీడీ పక్కన పెట్టాడు.

"ఎన్ని గంటలకు తెలిసిందమ్మా నీకు, ఇరుగుతాదని గట్టిగా?"

"ఆ పొద్దున ఎనిమిదికి."

ఆయన కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో పట్టుకుని చూసుకున్నాడు.

"పదికి ఇరిగింది," అన్నాడు. "ఒక ఫోను చేసింటే సరిపోయేది గదమ్మా."

ఆ మాటలో కోపం లేదు. ఎందుకు చేయలేదో చెప్పాలి కదా, చెప్పాను. మా అన్న కూడా అదే పనిలో ఉన్నాడని, అవే క్లాంపులు తన దగ్గరా ఉన్నాయని, ముందు తన దగ్గరికి పరిగెత్తానని చెప్పాను. భార్య గడప దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. ఆయన తల ఊపాడు.

"మీయన్న చేతులకేమీ కాలేదు గదా?"

"కాలేదు," అన్నాను.